పిల్లల టీవీ కార్యక్రమాలు చూపిస్తే పుస్తకాలు చదువుతారా? తలుపుల టీవీ కాలం నాటి ఒక తెలుగు మాస్టారి జవాబు

హనుమకొండ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా చిన్నప్పుడు దూరదర్శన్‌లో పిల్లల కార్యక్రమాలు చూసే నాకు పుస్తకాల మీద ఇష్టం కలిగింది. మా పాపకు ఏడేళ్లు, ఇంగ్లీషు మీడియం. తెలుగు అక్షరాలు వచ్చు గానీ పుస్తకం ముట్టదు, ఫోను వదలదు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు అక్కడి రీడింగ్ రెయిన్‌బో అనే కార్యక్రమం గురించి గొప్పగా చెప్పింది. అలాంటిది తెలుగులో ఏదైనా ఉందా? చూపిస్తే చదువుతుందా?"

ముందు సూటిగా చెబుతాను. అచ్చంగా అలాంటి కార్యక్రమం తెలుగులో నేను చూసినంతలో లేదు. రేపెవరైనా తీసినా, చూపించినంత మాత్రాన మీ పాప చదవదు. కార్యక్రమం ఆగిపోయిన క్షణంలో పుస్తకం చేతికి అందితే చదువుతుంది. అందకపోతే ఇంకో వీడియో చూస్తుంది. మిమ్మల్ని చదివించింది టీవీ అని మీరు అనుకుంటున్నారు. మన విషయంలో ఆ మంచి పని చేసినదాంట్లో సగం, టీవీ కట్టేయడమే.

నేను తెలుగు ఉపాధ్యాయుడిని. 1998 నుంచి పరకాల, నర్సంపేట వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో చెబుతున్నాను. ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ సెల్లారులో ఓ ఇరవై మంది పిల్లలతో పుస్తకాలు చదివిస్తాను. కాబట్టి పరిశోధకుడిలా కాదు, దెబ్బలు తిన్నవాడిలా జవాబు చెబుతున్నాను.

నా చిన్నతనం హనుమకొండలోనే. 1985లో దూరదర్శన్‌లో విక్రమ్ ఔర్ బేతాల్ వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్లు. తర్వాత రాముడై దేశమంతా దండాలు పెట్టించుకున్న అరుణ్ గోవిల్ అందులో విక్రమార్కుడు. మా వీధిలో ఒకే ఇంట్లో టీవీ ఉండేది. చెక్క పెట్టె, దానికి రెండు జారుడు తలుపులు, వాటికి తాళం. ఆ ఇంటి అవ్వ ఆదివారం మమ్మల్ని కూర్చోనిచ్చేది, చెప్పులు బయట వరుసగా పెడితేనే. భాష హిందీ అయినా వరంగల్ పిల్లలం కనుక చెవిన పడ్డ ఉర్దూతో బండి నడిచేది. బేతాళుడు ప్రశ్న వేసేవాడు, రాజు నోరు విప్పేవాడు, శవం ఎగిరి చెట్టెక్కేది. అంతే, పేర్లు పడుతుండగానే అవ్వ లేచి మీట నొక్కి, రెండు తలుపులూ దగ్గరికి లాగి తాళం వేసేది. "ఇక లేవండి నాయనా, కరెంటు బిల్లు మీ అయ్య కడతాడా?"

మళ్లీ వారం దాకా ఏమీ లేదు. ఆ వారం ఉంది చూశారూ, అదే నన్ను చదివించింది.

ఒక సోమవారం బడి వదిలాక రాజరాజనరేంద్ర భాషా నిలయానికి వెళ్లాను. 1904లో పెట్టిన గ్రంథాలయం అది, మా ఊరి పెద్దమనిషి. లోపల కూర్చున్న పెద్దాయనను "బేతాళుడి పుస్తకం ఉందా?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, అట్ట కట్టించిన పాత చందమామల సంపుటి ఒకటి బల్ల మీద పెట్టాడు. దుమ్ముకు నాకు తుమ్ము వచ్చింది. "ఇందులో నెలకో బేతాళుడున్నాడు, కూర్చుని చదువుకో" అన్నాడు. ఇంటికి ఇమ్మంటే సభ్యత్వం ఉండాలన్నాడు, కనుక అక్కడే కూర్చున్నాను. మూడో కథకే నాకో ఆట దొరికింది. బేతాళుడి ప్రశ్న వరకు చదివి, జవాబు ఉన్న పేరాను అరచేత్తో మూసేసేవాడిని. రాజు ఏం చెబుతాడో నేనే ఆలోచించి, తర్వాత ఒక్కో వేలు తీస్తూ సరిపోయిందా అని చూసుకునేవాడిని. తెర మీద ఆ వీలు లేదు. నేను ఆలోచించే లోపే రాజు చెప్పేసేవాడు. పుస్తకంలో రాజు నా కోసం ఆగాడు.

అప్పటికి నాకు తెలియనిది ఒకటుంది. పాత వేతాళ కథలు పాతికే. చందమామలో నెలనెలా వచ్చినవి చాలావరకు ఆ చట్రంలో కొత్తగా అల్లినవి. చట్రం అంత గట్టిది కాబట్టే దశాబ్దాల తరబడి నడిచింది: కథ, ముడి, ప్రశ్న. పిల్లవాడిని చదివించే కార్యక్రమాలన్నింటి వెన్నెముక ఇదే. మీ ఆడపడుచు చెప్పినదాని వెన్నెముక కూడా ఇదే.

ఆ కార్యక్రమం సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే దాని పనితనం మనకు పనికొస్తుంది. రీడింగ్ రెయిన్‌బో 1983 జులై 11న అమెరికాలో పీబీఎస్ అనే ప్రజా ప్రసార టీవీలో మొదలైంది. 2009 దాకా ప్రసారమైంది. నడిపించినాయన లెవార్ బర్టన్. మన తెలుగు పాఠకులకు ఆయన దూరపు చుట్టమే: ఏడు తరాలు నవల గుర్తుంది కదా, దాని మూలం 1977లో అక్కడ టీవీ ధారావాహిక అయినప్పుడు యువ కుంటా కింటేగా నటించింది ఆయనే. బానిసగా చదువుకు దూరమైన మనిషి వేషం వేసినవాడు, ఆ తర్వాత పాతికేళ్లు పిల్లల చేతిలో పుస్తకం పెట్టాడు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నిద్ర పట్టలేదు.

వేసవి సెలవుల్లో పిల్లలు చదవడం మానేసి, బడి తెరిచేనాటికి వెనకబడుతున్నారని గమనించి, ఆ లోటు పూడ్చడానికి దాన్ని మొదలుపెట్టారు. అందుకే మొదటి ప్రసారం జులైలో. అరగంటలో ఒక బొమ్మల పుస్తకం. బొమ్మల మీద కెమెరా నెమ్మదిగా కదులుతుంటే ఎవరో చదివి వినిపిస్తారు. తర్వాత ఆ పుస్తకంలోని సంగతి బయటి ప్రపంచంలో ఎక్కడుందో అక్కడికి తీసుకుపోతారు. చివర్లో మామూలు పిల్లలు ముగ్గురు వచ్చి, తమకు నచ్చిన పుస్తకం గురించి తలా రెండు మాటలు చెబుతారు. దానికి ముందు బర్టన్ ప్రతిసారీ చెప్పే మాట సారాంశం: నా మాట నమ్మక్కర్లేదు, వీళ్లనడగండి. పెద్దవాడు తప్పుకుని పిల్లలకు మాట ఇవ్వడమనే ఆ చిన్న ఎత్తును నేను నా తరగతిలోకి నేరుగా తెచ్చుకున్నాను.

2009లో అది ఆగినప్పుడు నిర్వాహకులు చెప్పిన కారణం కూడా వినదగ్గదే. అప్పటికి అక్కడ ప్రభుత్వ నిధులు అక్షరాలు, శబ్దాలు నేర్పే కార్యక్రమాల వైపు మళ్లాయి. అంటే ఎలా చదవాలో నేర్పేవాటికి డబ్బుంది, ఎందుకు చదవాలో చూపించేదానికి లేదు. 2014లో దాన్ని అంతర్జాలంలో బతికించడానికి చందాలు అడిగితే, పది లక్షల డాలర్ల లక్ష్యం ఒక్క రోజులో దాటింది. చివరికి లక్ష మందికి పైగా కలిసి 54 లక్షల డాలర్ల దాకా ఇచ్చారు. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది ఒకప్పటి పిల్లలే అయి ఉంటారు. మీ ఆడపడుచు గొంతులో విన్నది ఆ బెంగే.

ఇక మన బెంగ సంగతి. తెలుగులో పిల్లలకు టీవీ చదువు తక్కువేమీ జరగలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు నడిచిన సైట్ ప్రయోగంలో ఉపగ్రహం ద్వారా 2,400 ఊళ్లకు టీవీ ప్రసారాలు అందించారు. ఆ ఊళ్లున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఉదయం పూట కార్యక్రమాలు పిల్లల కోసమే. తర్వాత ఇన్‌శాట్ వచ్చింది, హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ తీసిన పాఠాలు దూరదర్శన్‌లో వచ్చాయి. కానీ అవి బడిని తెర మీదికి తెచ్చాయి. పుస్తకాల అలమరను తేలేదు. నిజాయితీగా అడిగితే, ఆ పాఠాలు చూసి ఎవరూ గ్రంథాలయానికి పరుగెత్తలేదు. మనల్ని పరుగెత్తించినవి కథలు. ఒకటి బేతాళుడు. ఇంకొకటి శంకర్ నాగ్ తీసిన మాల్గుడి డేస్. మొదట్లో పేర్లు పడేటప్పుడు వచ్చే ఆర్.కె. లక్ష్మణ్ గీతలు చూసి, నా పక్కన కూర్చున్నవాడు బొగ్గుముక్కతో ఆ ఇంటి అరుగు ఖరాబు చేశాడు. కొందరికి టీవీ కంటే ముందు ఆకాశవాణి బాలానందం, న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల రేడియో అన్నయ్య, అక్కయ్య గొంతులు ఉన్నాయి. జ్ఞాపకంలో ఇవన్నీ ఒక ముద్ద అయిపోతాయి. అందుకే "మా కాలంలో టీవీ మంచిది" అని అంటుంటాం. మీ ముద్దను కొంచెం విప్పి చూడండి. కార్యక్రమం పక్కన ఒక పత్రికో, ఒక అమ్మమ్మో, గ్రంథాలయంలో ఒక పెద్దాయనో కనబడతారు.

ఆ పక్కన ఉన్నది లేకపోతే ఏమవుతుందో నేను స్వయంగా చూశాను, అదీ నా చేతుల మీదుగానే. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు మా బడికి ఒక కలర్ టీవీ వచ్చింది. ప్రధానోపాధ్యాయుణ్ని బతిమాలి శనివారం చివరి పీరియడు పిల్లల కథల క్యాసెట్లు వేశాను. ఆరో తరగతి, ఏడో తరగతి కలిపి కూర్చునేవారు. ఏడాది పొడుగునా వేశాను. హాజరు అద్భుతం, శనివారం మానేసేవాళ్లు కూడా వచ్చారు. ఏడాది చివర్లో గ్రంథాలయ రిజిస్టరు తీసి చూస్తే, పిల్లలు తీసుకెళ్లిన పుస్తకాలు నాలుగు. అందులో రెండు నా పేరు మీద ఉన్నాయి.

కారణం చెప్పడానికి సిగ్గేస్తుంది. పుస్తకాలు బీరువాలో ఉండేవి. బీరువా తాళం ఆఫీసు గదిలో, ప్రధానోపాధ్యాయుడి సొరుగులో. ఒక పుస్తకం పోతే లెక్క చెప్పాలని ఆయన భయం, ఆయనంటే నా భయం. క్యాసెట్ అయిపోయేది, గంట కొట్టేవారు, పిల్లలు కథ నింపుకున్న కళ్లతో బస్సు కోసం పరుగెత్తేవారు. నేను టీవీ మీద గుడ్డ కప్పేవాడిని. అవ్వ తలుపులు మూసినట్టే మూశాను గానీ, సోమవారం వాళ్లు వెళ్లడానికి చోటు ఏదీ లేకుండా చేశాను.

మరుసటి ఏడు తరగతి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు దండెం కట్టాను. ఇళ్లలో బట్టలు ఆరేసే నైలాను తాడే. నలభై పుస్తకాలు దాని మీద బోర్లా వేలాడదీశాను. సంతకం లేదు, రిజిస్టరు లేదు. శనివారం క్యాసెట్‌ను కావాలనే చివరి ఐదు నిమిషాల ముందు ఆపేసేవాడిని. "తర్వాత ఏమైంది సార్?" అంటే దండెం వైపు చూపించేవాడిని. ఒక్కోసారి ఆ కథే అక్కడ ఉండేది, ఒక్కోసారి దాని అక్కలాంటి కథ. మొదటి నెల నన్ను తిట్టుకున్నారు. మూడో నెలకు దండెం ముందు తోపులాట. ఏడాదిలో ఆరు పుస్తకాలు పోయాయి. రెండు తిరిగొచ్చాయి, ఒకదాని అట్ట మీద సర్వపిండి నూనె గుండ్రంగా అచ్చు పడింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది, ఎవరికీ ఇవ్వను.

పరిశోధనలు ఏమంటాయని ఎవరో ఒకరు అడుగుతారు కనుక ఒక్కటి చెబుతాను. అమెరికాలో ఐదేళ్ల వయసులో ఏ కార్యక్రమాలు చూశారో నమోదు చేసిన పిల్లలను, వాళ్లు ఉన్నత పాఠశాల వయసుకు వచ్చాక మళ్లీ కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. 570 మంది. చిన్నప్పుడు సెసమీ స్ట్రీట్ లాంటి విద్యా కార్యక్రమాలు ఎక్కువగా చూసినవాళ్లకు పెద్దయ్యాక మార్కులు మెరుగ్గా ఉన్నాయి, పుస్తకాలూ ఎక్కువ చదువుతున్నారు. కుటుంబ నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. కాబట్టి తెర అనగానే విషమనే మాట నేను ఒప్పుకోను. ఏం చూస్తున్నారన్నది ముఖ్యం. అయితే అప్పటి కార్యక్రమానికి ఒక ముగింపు ఉండేది. ఇప్పటి ఫోనులో ఒక వీడియో అయ్యేలోగా రెండోది తనంతట తానే మొదలవుతుంది. అంటే నాకు దొరికిన ఆ వారాన్ని మీ పాపకు ఫోను ఇవ్వడం లేదు. మీరే ఇవ్వాలి.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలో.

ముందుగా ఫోనులో తర్వాతి వీడియో తనంతట తాను మొదలయ్యే అమరికను ఆపేయండి. వీలైతే ఒకే ఒక్క వీడియోను దించుకుని, నెట్ ఆపి చూపించండి. పెద్ద తెర ఉంటే ఇంకా మేలు, మీరూ పక్కన కూర్చుంటారు. వీడియో పెట్టకముందే పుస్తకం ఒళ్లో ఉండాలి. అయ్యాక వెతుక్కుంటే ఆ పది నిమిషాల్లో ఆకలి చచ్చిపోతుంది. వీడియోలోని కథే దొరకనక్కర్లేదు. ఏనుగు వీడియో అయితే ఏనుగు పుస్తకం చాలు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా, స్థాయిల వారీగా దొరుకుతాయి. కాగితం పుస్తకాలకు మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, తూలిక వారివి చూడండి. వీటికి వారానికి ఒక పిజ్జా ఖర్చు కూడా కాదు.

రెండోది రీడింగ్ రెయిన్‌బో నుంచి నేను కాజేసిన పద్ధతి: పుస్తకం చదివాక బయటికి తీసుకెళ్లడం. మనకు కరువా? రైలు పుస్తకం చదివితే కాజీపేట జంక్షన్‌కు తీసుకెళ్లి అరగంట నిలబెట్టండి. చెరువు కథ అయితే భద్రకాళి చెరువు గట్టు. రాళ్లు, శిల్పాల కథ అయితే వేయిస్తంభాల గుడిలో నంది దగ్గర కూర్చుని ఆ పేజీ మళ్లీ తెరవండి. మా గుంపులో ఒక పిల్లవాడు పుస్తకంలోని ఏనుగు బొమ్మనూ, గుడి అడుగుభాగంలో చెక్కిన ఏనుగునూ పక్కపక్కన పెట్టి చూసి, "సార్, పుస్తకంలోనే తొండం తప్పు గీశారు" అన్నాడు. ఆ తర్వాత వాడు ప్రతి పుస్తకంలోనూ తప్పులు వెతకడానికే చదివాడు. నాకేమీ అభ్యంతరం లేదు, చదివాడు కదా.

మూడోది, పిల్లలు పిల్లలకు చెప్పడం. మా ఆదివారాల్లో చివరి పది నిమిషాలు ఇదే. ఎవరైనా లేచి చదివిన పుస్తకం గురించి చెప్పవచ్చు. షరతు ఒక్కటే, చివర ఏమైందో చెప్పకూడదు. చెబితే మిగతావాళ్లు చెవులు మూసుకుని గోల చేస్తారు. నేను ఎంత పొగిడినా కదలని పుస్తకాలు, మూడో తరగతి పిల్ల ఒకతె "ఇందులో నాయనమ్మ దొంగను మంచం కింద పట్టుకుంటుంది, తర్వాత చెప్పను" అంటే ఆ పూటే మాయమవుతాయి. మీ అపార్ట్‌మెంట్‌లో నలుగురు పిల్లలున్నా ఇది చేయవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక, ఇది కాస్త కోపంగానే చెబుతున్నాను. కథ అయ్యాక "ఇందులో నీతి ఏమిటి?" అని అడగకండి. ఇరవై ఏడేళ్లలో నేను చూసిన చదువు శత్రువుల్లో ఈ ప్రశ్నది మొదటి వరుస. బేతాళుడి ప్రశ్న వేరు. రాజు చేసింది న్యాయమా కాదా అని అడిగితే పిల్లలు కొట్టుకుంటారు, రెండు వైపులా వాదిస్తారు. నీతి ఏమిటంటే మాత్రం "అబద్ధం ఆడరాదు" అని ఒకటే పాట, కథ ఏదైనా సరే.

మీ పాపకు అక్షరాలు వచ్చు అన్నారు. అక్షరాలు రావడం వేరు, చదవడం రావడం వేరు. మధ్యలో ఒత్తుల అడవి ఉంది. చాలామంది ఏడేళ్ల పిల్లలు పుస్తకం ముట్టకపోవడానికి ఫోను కంటే ఇదే పెద్ద కారణం, తల్లిదండ్రులకు కనబడదు. ఒత్తులు లేని పుస్తకాలతో మొదలుపెట్టమని సలహా ఇస్తుంటారు. సలహా మంచిదే, కానీ తెలుగులో పిల్లలకు దగ్గరైన మాటలన్నీ ఒత్తులతోనే ఉన్నాయి: అమ్మ, నాన్న, అన్నం, కుక్క, పిల్లి, బొమ్మ. వాటిని తీసేస్తే మిగిలేది "ఉడుత, ఈత, పలక" ప్రపంచం, అందులో కథ నడవదు. నేను చేసేది ఏమిటంటే, ముందు అదే అక్షరానికి అదే ఒత్తు వచ్చే మాటలు చేయిస్తాను. పుస్తకం, చంద్రుడు లాంటి మాటలు తర్వాత. క ఒత్తు, ద ఒత్తు తమ అక్షరాన్ని పోలి ఉంటాయి కనుక సులువుగా పడతాయి. మ, న, త, య, ర, ల ఒత్తులు అసలు పోలికే లేకుండా ఉంటాయి, అక్కడ పిల్లలు జారతారు. అమ్మ అన్న మాటను మీ పాప ఒక బొమ్మలా గుర్తుపట్టి చదువుతోందేమో చూడండి. "గుమ్మడి" రాసి చూపిస్తే తెలిసిపోతుంది. ఆగిపోతే కంగారు పడకండి, తిట్టకండి. ఈ ఆరు ఒత్తుల మీద రెండు వారాలు ఆడించండి. ఆ లోపు పుస్తకం మీరే చదివి వినిపించండి, వేలు మాట కింద నడిపిస్తూ.

ఈ వేలు నడిపించే పనిని తెర కూడా చేయగలదు. దాని గురించి చెప్పాలంటే కరోనా కాలానికి వెళ్లాలి. 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో మన బడి పాఠాలు వచ్చాయి. మేము ఇళ్లకు వెళ్లి పిల్లలు చూస్తున్నారో లేదో కనుక్కోవాలి. పరకాల దగ్గర ఒక ఊళ్లో ఆరో తరగతి అమ్మాయి ఇంటికి వెళ్లాను. ఆమె తెరకు జానెడు దూరంలో నిలబడి, తెర మీద కనిపించినదల్లా నోటుబుక్కులోకి ఎక్కిస్తోంది. పాఠం ఒక్క ముక్క వింటున్నట్టు లేదు. నా కళ్లు ఆమె మీద లేవు, వెనక తాత ఒళ్లో కూర్చున్న ఆమె తమ్ముడి మీద ఉన్నాయి. పాఠం కాగానే తాత వార్తల చానెల్ పెట్టించాడు. పిల్లవాడు తెర కింద పరుగెత్తే అక్షరాలను కూడబలుక్కుంటూ పెద్దగా చదవడం మొదలుపెట్టాడు. "ఏ...నుమా...ముల... మార్...కెట్లో... పత్తి..." మాట సగంలో ఉండగానే అక్షరాలు ఎడమ పక్కకు జారిపోయేవి. వాడు ఆగేవాడు, అవి చుట్టు తిరిగి వచ్చేదాకా కాచుకునేవాడు, వదిలిన చోట పట్టుకునేవాడు. మూడో చుట్టుకు క్వింటాలు ధర పూర్తిగా చదివాడు. తాతకు చదువు రాదు. ఇంట్లో పత్తి ఉంది. వాడికి బడే లేదు ఆ ఏడాది, ఒకటో తరగతిలో చేరాల్సినవాడు. ఎవరు నేర్పారని అడిగితే అక్క పలక మీద అక్షరాలు దిద్దించిందట, మిగతాది ఈ పత్తి ధరే.

ఇది వింత ఏమీ కాదు, దీని మీద మన దేశంలోనే పని జరిగింది. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో ఆలోచన మొదలుపెట్టి, 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో సినిమా పాటలకు అదే భాషలో అక్షరాలు వేయించారు. పాడుతున్న మాట రంగు మారుతూ పోతుంది. పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది కనుక తర్వాతి మాట ఏదో తెలుసు, కన్ను ఆ మాట రూపాన్ని పట్టుకుంటుంది. ఎవరూ చదవమని చెప్పరు, అక్షరం కనబడితే కన్ను చదవకుండా ఉండలేదు. మీ పాపకు ఎలాగూ వీడియో చూపించబోతున్నారు కదా, తెలుగు మాటకు తెలుగు అక్షరాలే కింద వచ్చేవి ఎంచుకోండి. తెలుగు పాటకు ఇంగ్లీషు లిపిలో అక్షరాలు వేసినవి వద్దు. మొదట ఆమెకు నోటికొచ్చిన బతుకమ్మ పాటతో మొదలుపెట్టండి. తెలియని పాటతో ఇది పనిచేయదు.

ఈ సలహాలు ఎక్కడ పనిచేయవో కూడా చెప్పాలి. రెండు మూడేళ్ల పిల్లలకు ఇదేదీ వద్దు, వాళ్లకు ఒళ్లు, గొంతు చాలు. ఒత్తుల దగ్గరే కాదు, అక్షరాల దగ్గర కూడా ఏడాదిగా అటూ ఇటూ అవుతుంటే, కంటి పరీక్ష చేయించి, బడిలో ప్రత్యేకంగా మాట్లాడండి. ఇంట్లో పెద్దలు ముగ్గురూ భోజనం దగ్గర ఫోను చూస్తూ పిల్లను పుస్తకం తీయమంటే నా దండెం కూడా మిమ్మల్ని కాపాడదు. ఒక ఇంట్లో ఇదే సమస్యను ఆ ఇంటి నాయనమ్మే తేల్చింది. మనవరాలికి రాత్రి కథ చెబుతూ రసపట్టులో "నిద్రొస్తోంది, మిగతాది ఆ పుస్తకంలో ఉంది, నువ్వే చూడు" అని అటు తిరిగి పడుకునేది. ఆమె చెప్పే కథ ఏ పుస్తకంలోనూ లేదు. పిల్ల పుస్తకమంతా వెతికి, అది లేదని పొద్దున్నే దెబ్బలాటకు వచ్చేది. వెతకడంలో మిగతా కథలన్నీ చదివేసింది.

పాత కార్యక్రమాలు మళ్లీ చూపించాలనుకుంటే ప్రసార భారతి ఆర్కైవ్స్ యూట్యూబ్ చానెల్‌లో పాత దూరదర్శన్ సరుకు కొంత దొరుకుతుంది. ఒక మాట చెప్పి మరీ చూపించండి: ఇది మాకు ఎందుకు ఇష్టమో చూడు అని. మీరు ఏడ్చినా పాపకు నచ్చకపోవచ్చు. మా ఇంట్లో నేను బేతాళుణ్ని ఉత్సాహంగా పెడితే మా అబ్బాయి "నాన్నా, ఆ దయ్యానికి విగ్గు సరిగ్గా లేదు" అని లేచి వెళ్లిపోయాడు. చందమామ సంపుటి మాత్రం తీసుకుని వెళ్లాడు.

మొదటి పుస్తకం ఏది కొనాలని తర్వాత అడుగుతారు. మీరు కొనకండి, ముందు గ్రంథాలయానికి తీసుకెళ్లి ఆమెనే ఎంచుకోనివ్వండి. పనికిరానిదని మీకనిపించినది తీసినా నోరు మెదపకండి. మీరు కట్టే ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా పోతున్నాయి కాబట్టి అది మీ సొంత అలమరే అనుకోండి. ప్రభుత్వ గ్రంథాలయాలకు సాధారణంగా శుక్రవారం సెలవు. పాపను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు తలుపు మూసి ఉండకూడదు, ముందుగా కనుక్కుని వెళ్లండి.